దేవరకొండలో ట్యూషన్ పెట్టాలనుకుంటున్న తమ్ముడికి

తమ్ముడూ, మీరు అడిగింది ఇదీ: ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఎడ్ అయిపోయాయి. మూడేళ్లు ప్రైవేటు బడిలో చెప్పి మానేశారు. డీఎస్సీకి చదువుకుంటూనే దేవరకొండలో ట్యూషన్ సెంటర్ పెడదామనుకుంటున్నారు. చేతిలో 60 వేలున్నాయి, బస్టాండ్ దగ్గర ఒక గది కిరాయికి చూశారు. ఆరు నుంచి పది దాకా అన్ని సబ్జెక్టులూ చెప్పాలని ఆలోచన. ఫీజు ఎంత పెట్టాలి, పిల్లలు ఎలా వస్తారు అన్నది మీ ప్రశ్న.

నేను 2005 నుంచి నల్లగొండలో లెక్కల ట్యూషన్ చెబుతున్నాను. మధ్యలో మా ఆయన ఉద్యోగం వల్ల నాలుగేళ్లు మహబూబ్‌నగర్‌లో ఉన్నాం, అక్కడా చెప్పాను. ఈ పని మీద నాకు చాలా ఇష్టం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ గది సంగతి. అడ్వాన్స్ ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి.

2011 జూన్‌లో నేనూ మీలాగే ఆలోచించాను. అప్పటిదాకా ఇంటి వరండాలో పదిహేను మందికి లెక్కలు చెప్పేదాన్ని. నలుగురిలో మంచి పేరుంది కదా అని మెయిన్ రోడ్డు మీద ఒక షట్టర్ తీసుకున్నాను. నెలకు 4,000 కిరాయి, మూడు నెలల అడ్వాన్స్. బెంచీలు చేయించాను, ఫ్లెక్సీ కట్టించాను, ఇంగ్లీషుకు ఒకరిని, సైన్సుకు ఒకరిని జీతానికి పెట్టుకున్నాను. జూలై ఆఖరుకు 46 మంది చేరారు. చూసినవాళ్లందరూ బాగా నడుస్తోందన్నారు. దసరా సెలవులకు ముందే ఇద్దరు టీచర్లూ వేరే బడిలో జీతం ఎక్కువని వెళ్లిపోయారు. 46 మందికీ అన్నీ నేనే చెప్పాల్సి వచ్చింది. ఒక పక్క ఎనిమిదో తరగతికి హోంవర్క్ రాయిస్తూ, ఇంకో పక్క పదో తరగతికి బోర్డు మీద సరూప త్రిభుజాలు గీస్తూ సాయంత్రాలు గడిచిపోయేవి. సంక్రాంతి నాటికి 19 మంది మిగిలారు. మెడలో గొలుసు కుదువపెట్టి కిరాయి బాకీ తీర్చాను.

పైసలు పోయిన బాధ రెండేళ్లలో తగ్గింది. తగ్గనిది ఇంకొకటి ఉంది. తిప్పర్తి వైపు నుంచి ఒక రైతు తన కొడుకుని పదో తరగతికి నా దగ్గరికి పంపేవాడు. బాబు లెక్కల్లో ఫెయిలయ్యాడు. ఆయన వచ్చి గట్టిగా మాట్లాడలేదు. "ఫెయిలైతే ఫెయిలైండు మేడమ్. ఆర్నెల్లు మీ దగ్గరికి పంపిన. వానికి ఏమొస్తలేదో మీరన్న నాకు చెప్పాలె గద" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే నాకే తెలియదు. మర్నాడు ఆ అబ్బాయిని కూర్చోబెట్టి చిన్న లెక్కలు అడిగాను. 612ని 6తో భాగించమంటే 12 అని రాశాడు. నేను ఆర్నెల్లు సరూప త్రిభుజాలూ త్రికోణమితీ చెప్పింది ఆ పిల్లవాడికి.

మీరు చేయబోయే పనిలో అసలు పని ఇదేనని నా నమ్మకం. బడిలో చెప్పిందే సాయంత్రం మళ్లీ చెప్పడానికి ట్యూషన్ అక్కర్లేదు. పిల్ల ఎక్కడ ఆగిపోయిందో బడిలో కనిపెట్టే తీరిక ఉండదు. నలభై మంది ఉన్న క్లాసులో సార్ మీద సిలబస్ టెన్షన్ ఉంటుంది. మన దగ్గర పది, పన్నెండు మందే ఉంటారు, మనం కనిపెట్టగలం. ఆ పని చేస్తే ఫీజు గురించీ పిల్లల గురించీ మీరు పెద్దగా వెతుక్కోవాల్సిన అవసరం రాదు.

ఎలా కనిపెట్టాలో చెబుతాను. ఏ తరగతి పిల్లలు చేరినా మొదటి రోజు ఒక తెల్ల కాగితం ఇచ్చి పది లెక్కలు వేయమంటాను. టైమ్ పెట్టను, పక్కన నిలబడను. 403లోంచి 178 తీసివేయడం, ఏడెనిమిదులు ఎంత, 612ని 6తో భాగించడం, అర ప్లస్ మూడో వంతు, మైనస్ 3 మైనస్ 5, బ్రాకెట్‌లో ఎక్స్ ప్లస్ 2 ఉంటే దాన్ని మూడుతో గుణించడం, ఇలాంటివి. పదో తరగతి వాళ్లకైనా ఇదే కాగితం. జవాబు తప్పా ఒప్పా అన్నది ముఖ్యం కాదు, ఏ తప్పు చేశారన్నది చూడాలి.

403లోంచి 178 పోతే 375 అని రాసిన పిల్ల ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసింది. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం ఆ పిల్లకు మూడో తరగతిలోనే అర్థం కాలేదు, మధ్యలో సున్నా వచ్చేసరికి అది బయటపడింది. 612కు 12 అని రాసినవాడికి భాగహారం రాకపోవడం కాదు, స్థాన విలువ రాలేదు. వాడికి పైసలతో చూపించండి. ఆరు వంద నోట్లు, ఒక పది నోటు, రెండు రూపాయి బిళ్లలు. ఆరుగురికి పంచమనండి. తలా ఒక వంద వెళ్లింది. పది నోటు ఒక్కటే ఉంది, ఆరుగురికి రాదు, కాబట్టి పదుల చోట ఎవరికీ ఏమీ రాలేదు, అక్కడ సున్నా రాయాలి. ఆ పదిని చిల్లర మార్చి రెండు రూపాయలతో కలిపితే పన్నెండు, తలా రెండు. 102. ఇది నేను ఒక్కసారి చేసి వదిలేయను. వారం రోజులు రోజుకు ఐదు లెక్కలు ఇలాంటివే ఇస్తాను, 824ని 8తో, 1,530ని 15తో. ఎనిమిదో రోజు నోట్లు లేకుండా కాగితం మీద చేస్తారు.

అర ప్లస్ మూడో వంతు అంటే ఐదింట రెండు వంతులు అని పైనా కిందా కూడేసేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు వెంటనే క.సా.గు. (ఎల్‌సీఎం) పద్ధతి చెప్పకండి. అర రొట్టె తిన్నావు, ఇంకో ముక్క కూడా తిన్నావు, మొత్తం కలిపితే అరకంటే తక్కువ ఎలా అవుతుంది అని అడగండి. ఐదింట రెండు వంతులు అరకంటే తక్కువని వాళ్లే గీసి చూస్తే, ఆ తప్పు మళ్లీ చేయరు. మైనస్ 3 మైనస్ 5కు ప్లస్ 8 అని రాసేవాళ్లు గుణకారంలో విన్న సూత్రాన్ని ఇక్కడ వాడతారు. మూడు రూపాయలు అప్పున్నవాడు ఇంకో ఐదు అప్పు చేస్తే చేతికి ఎనిమిది రూపాయలు వస్తాయా అంటే, మన పిల్లలకు అప్పు సంగతి బాగా తెలుసు, వెంటనే సరిదిద్దుకుంటారు.

ఆ మొదటి కాగితాన్ని పారేయకండి. నేను ఒక్కొక్కరికీ 40 పేజీల నోట్‌బుక్ పెట్టి మొదటి పేజీలో దాన్ని అంటిస్తాను. పదో రోజుకల్లా తండ్రికో తల్లికో ఫోన్ చేసి, బాబుకు ఇది వస్తోంది, ఇది రావడం లేదు, ఇక్కడ్నుంచి మొదలుపెడుతున్నాను, ఇంత కాలం పడుతుంది అని చెబుతాను. తెలివైనవాడు, అల్లరి ఎక్కువ లాంటి మాటలు చెప్పను. భాగహారం, భిన్నాలు అని పేరు పెట్టి చెబుతాను. రెండు నెలల తర్వాత అదే కాగితం మళ్లీ ఇచ్చి పక్క పేజీలో అంటిస్తాను. చదువురాని అమ్మకైనా రెండు పేజీలు పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. ఆ తిప్పర్తి రైతు అడిగిన దానికి నేను ఇచ్చుకున్న జవాబు ఇదే. 2012 నుంచి నేను ఫ్లెక్సీ కట్టలేదు, పాంఫ్లెట్ పంచలేదు. ఆ నోట్‌బుక్ చూసినవాళ్లే ఇంకొకరిని తీసుకొస్తున్నారు.

అన్ని సబ్జెక్టులూ చెప్పాలన్న ఆలోచన మానుకోండి. మీకు లెక్కలు వచ్చు, లెక్కలే చెప్పండి. 2023 నుంచి పదో తరగతి ఆరు పేపర్లే, లెక్కలు ఒకే పేపర్. పిల్లలు భయపడేదీ, తల్లిదండ్రులు ఫీజు కట్టడానికి సిద్ధపడేదీ ఎక్కువగా ఆ ఒక్క సబ్జెక్టుకే. మొదటి ఏడాది 8, 9 తరగతులు కలిపి ఒక బ్యాచ్, పదో తరగతి ఇంకో బ్యాచ్. ఒక్కోదాంట్లో పన్నెండు మంది. పదమూడో పిల్ల వస్తే పేరు రాసుకుని ఆగమనండి. అలా వెనక్కి పంపడం మొదట్లో కష్టంగా ఉంటుంది, తెలుసు. కానీ పన్నెండు దాటితే ఎవరెవరు ఏ తప్పు చేస్తున్నారో నాకైతే గుర్తుండదు, మీకూ ఉండదు.

పదో తరగతి బ్యాచ్ పొద్దున పెట్టుకోండి, ఆరు నుంచి ఏడున్నర. పరీక్షలు దగ్గరపడేకొద్దీ బడిలోనే సాయంత్రం స్పెషల్ క్లాసులు పెడతారు, అవి ముగిసి మీ దగ్గరికి వచ్చేసరికి పిల్లలు అలసిపోయి ఉంటారు. 8, 9 తరగతులకు సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర చాలు. నవంబర్, డిసెంబర్‌లలో ఆరు గంటలకే చీకటి పడుతుంది కాబట్టి ఆ రెండు నెలలు అరగంట ముందుకు జరపండి. తండాల నుంచి వచ్చేవాళ్లకు ఆఖరి బస్సు ఎన్నింటికో మీరే కనుక్కుని గోడ మీద రాసి పెట్టండి. మీరు మగవాళ్లు, ఆడపిల్లలు వస్తారు. తలుపు ఎప్పుడూ తెరిచే ఉండాలి, ఇంట్లో అమ్మో అక్కో ఉండాలి, ఏ పిల్లనూ ఒంటరిగా ఆపి చెప్పకూడదు. డౌట్ ఉంటే అందరి ముందే చెప్పండి. ఈ విషయంలో ఒక్కరోజు కూడా సడలింపు ఇవ్వకండి. బెత్తం అసలే ముట్టకండి.

మీ ఇంట్లో ముందుగది ఉందన్నారు కదా, పెద్ద జంబుఖానా పరిచి, గోడకు ఆరడుగుల తెల్ల బోర్డు బిగిస్తే సరిపోతుంది. బోర్డుకు మూడు వేల దాకా అవుతుంది. ఇంక్ ట్యాంక్ ప్రింటర్ ఒకటి కొనండి, పన్నెండు వేల దాకా ఉంటుంది. ఒక్కో పిల్లకు ఒక్కో రకం లెక్కలు ఇవ్వాలంటే రోజూ జిరాక్స్ దుకాణం చుట్టూ తిరగలేరు. కరెంటు పోతే వెలిగే ఛార్జింగ్ లైట్లు రెండు పెట్టుకోండి. మొత్తం ఇరవై వేలు దాటదు. మిగిలిన 40 వేలు బ్యాంకులోనే ఉంచుకోండి, ఎందుకో ఫీజు దగ్గర చెబుతాను.

దేవరకొండలో నేనైతే 8, 9 తరగతులకు నెలకు 500, పదో తరగతికి 700తో మొదలుపెడతాను. ఇరవై నాలుగు మంది నిండితే నెలకు 14,400. కిరాయి లేదు, జీతాలు లేవు. కానీ ఆ డబ్బు నెలనెలా రాదు. మీ వైపు పత్తి ఎక్కువ. జూన్‌లో రైతు చేతిలో ఉన్న పైసలన్నీ విత్తనాలకూ ఎరువులకూ పోతాయి, అప్పుడే బడి పుస్తకాలూ యూనిఫామూ కొనాలి. ఆ నెలలో అడ్వాన్స్ ఫీజు అడిగితే పిల్లను పంపడమే మానేస్తారు. పత్తి ఏరి, అమ్మి, పైసలు చేతికి రావాలంటే దీపావళి దాటాలి. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించేవాళ్లకూ వడ్ల పైసలు దాదాపు అప్పుడే వస్తాయి. అందుకే నేను ఉద్యోగస్తుల దగ్గర నెలనెలా తీసుకుంటాను, రైతుల దగ్గర రెండు విడతలుగా తీసుకుంటాను. దీపావళి తర్వాత ఒకటి, సంక్రాంతి తర్వాత ఒకటి. చేరినప్పుడే తేదీతో సహా నోట్‌బుక్ వెనక పేజీలో రాసి ఇద్దరం సంతకం పెడతాం. అంతకాలం మీ ఇల్లు గడవాలి, దానికే ఆ 40 వేలు. ఫీజు బాకీ సంగతి పిల్లను ఎప్పుడూ అడగకండి, పెద్దవాళ్లతోనే మాట్లాడండి. నేను ఒకసారి మర్చిపోయి అందరి ముందు ఒక అమ్మాయిని అడిగాను, ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. వాళ్ల అమ్మ బాకీ మాత్రం తెచ్చి ఇచ్చి వెళ్లింది. ఇప్పటికీ ఆ అమ్మాయి ముఖం గుర్తొస్తుంది.

పత్తి ఏరే రోజుల్లో కొందరు పిల్లలు వారం పది రోజులు రారు. దానికి కోప్పడి లాభం లేదు. ఆ రెండు వారాలు కొత్త పాఠం ఎత్తుకోకుండా పాతవే తిరగేయించండి, వచ్చినవాళ్లకు మేలు, రానివాళ్లు వెనకబడరు.

మహబూబ్‌నగర్‌లో ఉన్నప్పుడు నేర్చుకున్నది ఒకటి మీకూ పనికొస్తుంది. నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు నుంచి ముంబైకీ పుణెకూ పనికి వెళ్లిన తల్లిదండ్రుల పిల్లలు కొందరు పట్నంలో చుట్టాల ఇళ్లలో ఉండి చదివేవాళ్లు. పేరెంట్స్ మీటింగ్ అంటే వచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకని ఆదివారం రాత్రి ఎనిమిదింటికి, వాళ్లు పని దిగి అన్నం తినే వేళకు, ఫోన్ చేసేదాన్ని. పిల్లను కూడా పక్కన కూర్చోబెట్టి, ఈ వారం ఏం నేర్చుకుందో తనతోనే చెప్పించేదాన్ని. దేవరకొండ నుంచి కూడా హైదరాబాద్‌కు పనికి వెళ్లినవాళ్లు చాలామంది. తాతల దగ్గర, అమ్మమ్మల దగ్గర ఉండే పిల్లలు మీ దగ్గరికి తప్పకుండా వస్తారు. ఆ ఫోన్ మానకండి.

ఇంకో సంగతి, భాష. ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం పెట్టారు. తండా పిల్లలకు ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. ఒక అమ్మాయి రాత లెక్కలన్నీ తప్పు చేసేది. లెక్క రాదనుకున్నాను. మా దగ్గరే చదివే ఇంకో తండా అమ్మాయితో ఆ ప్రశ్నను వాళ్ల భాషలో చెప్పిస్తే నోటితోనే జవాబు చెప్పేసింది. ప్రభుత్వం ఇచ్చే పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, పక్క పేజీలో తెలుగు ఉంటుంది. ప్రైవేటు బడిలో చెప్పారు కాబట్టి మీరు వాటిని చూసి ఉండకపోవచ్చు. ఒక సెట్ తెచ్చుకోండి. రాత లెక్క ఏదైనా ముందు రెండు పేజీలూ చదివించి, ఏమడుగుతున్నారో సొంత మాటల్లో చెప్పించి, ఆ తర్వాతే పెన్ను పట్టనివ్వండి.

ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతి చదివే పిల్లలు ఇద్దరు ముగ్గురు చేరినా ఎన్‌ఎంఎంఎస్ పరీక్షకు తయారు చేయండి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 చొప్పున స్కాలర్‌షిప్ వస్తుంది, నాలుగేళ్లకు 48,000. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే అవకాశం, హాస్టల్ ఉండే గురుకులాల్లో చదివేవాళ్లకు లేదు. మెంటల్ ఎబిలిటీ 90 ప్రశ్నలు, సబ్జెక్టులు 90 ప్రశ్నలు. చాలామంది తల్లిదండ్రులకు ఈ పరీక్ష ఉందనే తెలియదు. దీనికి విడిగా ఫీజు తీసుకోకండి, ఆదివారం పొద్దున రెండు గంటలు కూర్చోబెడితే చాలు. ఐదో తరగతి పిల్లల తల్లిదండ్రులు వచ్చి చలకుర్తి నవోదయకు కోచింగ్ ఇస్తారా అని అడుగుతారు. మొదటి ఏడాది ఒప్పుకోకండి. నవోదయ ప్రవేశ పరీక్షలో 80 ప్రశ్నల్లో సగం మెంటల్ ఎబిలిటీ, చిన్న పిల్లలకు అది నేర్పే పద్ధతి వేరు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇంట్లో పాతిక మందికి చెప్పేవాళ్లకు జీఎస్టీ భయం అక్కర్లేదు, సేవల మీద ఏడాదికి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాల్లో 50 మందికి మించి చెప్పే చోటును కోచింగ్ సెంటర్‌గా చెప్పారు, 16 ఏళ్లు నిండని పిల్లలను అలాంటి చోట చేర్చుకోవద్దన్నారు. మీరు పెద్ద సెంటర్ కలలు కనేముందు అది చదవండి. ఆదాయం, ఖర్చు మాత్రం మొదటి రోజు నుంచే ఒక పుస్తకంలో రాసుకోండి.

ఇక డీఎస్సీ. విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం బడిలో టీచర్‌గా ఉన్నవాళ్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదు. ఉద్యోగం వస్తే ట్యూషన్ ఆపేయాలి. ఈ మాట పిల్లను చేర్చుకునే రోజే తల్లిదండ్రులకు చెప్పండి. ఉద్యోగం వచ్చిందని ఫిబ్రవరిలో పదో తరగతి పిల్లలను వదిలేసి వెళ్లిన సార్ ఒకాయన మా వీధిలోనే ఉండేవారు. పరీక్షలకు నెల ముందు ఆ తొమ్మిది మంది నా ఇంటికి వచ్చి నిలబడ్డారు. అలాంటి పరిస్థితి వస్తే ఎవరికి అప్పజెప్పాలో ఇప్పుడే ఒక స్నేహితుణ్ని చూసి పెట్టుకోండి. ఆయనకు ఆ నోట్‌బుక్‌లు ఇస్తే ఎవరు ఎక్కడున్నారో గంటలో అర్థమవుతుంది.

జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ వారం వదిలేసి తర్వాతి సోమవారం మొదలుపెట్టండి, అప్పటికి పుస్తకాలు వచ్చేస్తాయి. మీ వీధిలోనే ఇద్దరు ముగ్గురు పిల్లలుంటారు, వాళ్లకు ఈలోపే ఆ పది లెక్కల కాగితం ఇచ్చి చూడండి. వాళ్లు రాసిన తప్పులు ఉన్నవి ఉన్నట్టుగా నాకు రాయండి. ఏ తప్పు ఎక్కడి నుంచి వస్తోందో ఇద్దరం కలిసి చూద్దాం.